ఎర్రచుక్క జాలీ దిక్కు

మా అమ్మకు సర్టిఫికెట్ ఇప్పిద్దామని నాకు బుద్ధి పుట్టింది పోయిన నెలలో. ఆమెకు డెబ్బై రెండేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో టైల్స్ వేసే పని నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో నేను వారానికి రెండు రోజులు పాఠం చెబుతాను. అక్కడ ఇప్పుడు కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. కోర్సు చేయకుండా పని చేసి చేసి నేర్చుకున్నవాళ్లు ఒక పూట వచ్చి తమ పని చూపిస్తే చాలు, మూడు నెలలు చదివినవాళ్లకు ఇచ్చే కాగితమే వాళ్లకూ ఇస్తారు. కేంద్రం నడిపే కిరణ్‌ను వయసు పరిమితి ఎంత అని అడిగాను. గోదావరి జిల్లా నుంచి వచ్చిన నెమ్మదస్తుడు. కంప్యూటర్‌లో చాలాసేపు వెతికి, "పై పరిమితి లేదు మేడమ్, పెట్టడం మర్చిపోయినట్టున్నారు" అన్నాడు. డెబ్బై దాటిన మనిషికి ఇప్పుడు సర్టిఫికెట్ ఎందుకని ఇంట్లో మా ఆయన అడిగాడు. గోడకు పెట్టుకోవడానికి అన్నాను. మేకు కొడితే గోడ టైలు పగులుతుందన్నాడు. మా ఇంట్లో మాటలు ఇలాగే ఉంటాయి.

దరఖాస్తుతో పాటు అభ్యర్థి వాడిన పనిముట్ల ఫోటో కావాలన్నారు. అమ్మ పనిముట్లంటే ఒక తట్ట, ఒక బకెట్, ఒక చీపురు, జాయింట్లు తుడిచే గుడ్డ. ఇవి ఫోటో తీసి పంపితే ఇల్లు ఊడ్చే ఉద్యోగానికి దరఖాస్తు అనుకుంటారని, నాయిన ఇనుప పెట్టె తెరిచాను. నాయిన పోయి ఆరేళ్లయింది. పెట్టె తెరవగానే తడి సిమెంటు వాసన వచ్చింది, ఆరేళ్లుగా ఎండిపోయిన పెట్టెలో అది ఎక్కడ దాక్కుందో తెలియదు. తాపీలు, రబ్బరు సుత్తి, నూలు దారం ఉండ, అన్నిటి కిందా తువ్వాల్లో చుట్టిన రసమట్టం. రెండడుగుల చెక్క, మధ్యలో గాజు గొట్టం, గొట్టంలో పచ్చటి నీళ్లు, నీళ్లలో బుడగ. బుడగ రెండు గీతల నడుమకొస్తే కింది నేల మట్టంగా ఉన్నట్టు. ఆ చెక్కకు ఒక కొసన గోళ్లరంగుతో పెట్టిన ఎర్రచుక్క ఇంకా చెరగలేదు. నేను పెట్టె పక్కనే కూర్చుండిపోయాను. మోకాళ్ల నొప్పి వల్ల లేవలేకపోయానని మా ఆయనకు చెప్పాను, అది సగం నిజం.

ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో పైన మెట్రో, దాని పక్కన వంతెన, కింద ఇంకో దారి. మనిషి రోడ్డు దాటాలంటే ముందు ఏ అంతస్తులో ఉన్నాడో తేల్చుకోవాలి. మా ఊరు నల్లగొండ దిక్కు. బోరు ఎండిపోయి మేము పట్నం వచ్చినప్పుడు ఆ చౌరస్తా వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. గదిలో సిమెంటు గచ్చు, గచ్చు మధ్యలో పగులు, పగులులో చీమలు. ఊరందరి ఇళ్లలో టైల్స్ పరిచే మేస్త్రి, మా నాయిన, ఆ గచ్చు మీదే చాప వేసుకుని పడుకునేవాడు. అయితే టైల్స్ మా ఇంట్లో లేవనడానికి వీల్లేదు. పని దగ్గర మిగిలిన ముక్కలు నాయిన తెచ్చేవాడు. పప్పుగిన్నె మీద నీలం ముక్క, పాలగిన్నె మీద తెల్ల ముక్క, ఊరగాయ జాడీ మీద పూల ముక్క. అన్నం వండిన గిన్నె దించితే కింద ఒక టైలు, పైన ఒక టైలు. ఎవరైనా చుట్టాలొస్తే అమ్మ పూల ముక్కను ఎదురుగా పెట్టేది.

పొద్దున కిరసనాయిలు స్టవ్ వాసనతో మాకు మెలకువ వచ్చేది. అమ్మ జొన్నరొట్టెలు చేసి, మూడు డబ్బాల్లో సర్ది, నాయిన కంటే ముందే తయారయ్యేది. నాయినకు దేన్ని చూసినా వేలి కణుపుతో కొట్టి వినే అలవాటు. టైలు కింద సిమెంటు సరిగ్గా పట్టకపోతే డొల్ల చప్పుడొస్తుంది, అది పట్టుకోవడం ఆయన వృత్తి. కానీ ఆయన పుచ్చకాయను కొట్టేవాడు, కిరాయికి చూసిన ఇళ్ల గోడలు కొట్టేవాడు, పరీక్షలప్పుడు నా నెత్తి మీద కొట్టి, "నిండనే ఉన్నది" అనేవాడు. అమ్మ అలవాటు వేరు. పడుకునే ముందు చేతులకు కొబ్బరినూనె పట్టించి, రెండు చేతులకూ ప్లాస్టిక్ కవర్లు తొడిగి, రబ్బరు బ్యాండ్లు వేయించుకునేది. సిమెంటు ఆమె వేళ్లను తినేసింది. కొసలు నున్నగా, పలచగా, అక్కడక్కడా పగిలి ఉండేవి. కూరలో కారం ఎంత వేసిందో ఆమె వేళ్లకే ముందు తెలిసేది. ఒకసారి దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద ఎర్ర గోళ్లరంగు సీసా కొనుక్కుంది. గోళ్లు మిగిలింది కాళ్లకే కాబట్టి కాళ్లకు వేసుకుంది. మా ఇంట్లోకి వచ్చిన అలంకార సామగ్రి అదొక్కటే.

నాయిన పేరు యాదయ్య. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఆయన గురించి ఒక మాట ఉండేది, యాదయ్య మేస్త్రి వేసిన బాత్రూంలో నీళ్లు నిలవవని. గదుల్లో టైల్స్ ఎవరైనా పరుస్తారు, పనితనం బాత్రూంలో తెలుస్తుంది. నేల చూపుకు మట్టంగానే ఉండాలి, కానీ పోసిన నీళ్లు పోసినట్టు మూలన తూము మీదున్న జాలీలోకి పోవాలి. ఆ వాలునే వాటం అంటారు, అది ఎక్కువైతే స్టూలు ఊగుతుంది, తక్కువైతే పాచి పడుతుంది. పనయ్యాక నాయిన ఒక తంతు జరిపేవాడు. ఇంటివాళ్లందరినీ పిలిచి, అమ్మ చేత బకెట్ నీళ్లు పోయించి, తను నేలకు వీపు తిప్పి నిలబడి బీడీ ముట్టించేవాడు. బీడీ అయిపోయి ఇటు తిరిగేసరికి నేల మీద నీళ్లుండేవి కావు. అందరూ నాయినను మెచ్చుకునేవాళ్లు, అమ్మ ఖాళీ బకెట్ పట్టుకుని దారి ఇచ్చేది. సిమెంటు, ఇసుకల మాలు కలిపేది ఆమె, మోసేది ఆమె, జాయింట్లలో తెల్ల సిమెంటు నింపేది ఆమె, చివరికి మరకలు గీకి నేలంతా కడిగేదీ ఆమే. పని దగ్గర ఆమెను మేస్త్రి భార్య అనేవాళ్లు. పేరు లింగమ్మ అని తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు.

నేను ఇంటర్ పాసైన ఏడు ఈ కథకు అసలు మొదలు. దిల్‌సుఖ్‌నగర్ అప్పుడూ కోచింగుల పేటే. ఒక్కో మెట్లదారి మొదట్లో నాలుగైదు బోర్డులుండేవి, కంప్యూటర్, ఇంగ్లీషు, టైపు, ప్రభుత్వ ఉద్యోగాలు. ఒక మిఠాయి దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న సంస్థ టైల్స్ పనిలో మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు, ఆడవాళ్లకు ఉచితం అని కరపత్రం వేసింది. అది మాకు మిరపకాయ బజ్జీల పొట్లంగా చేరింది. అమ్మకు చదువు రాదు. టైలు బొమ్మ చూసి, బజ్జీలు గిన్నెలో పోసి, కాగితానికి అంటిన నూనె కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. సరిగ్గా ఆ వారమే నాగోల్ దిక్కు ఒక పెద్ద అపార్టుమెంటు పని నాయినకు కుదిరింది. అది కూడా మూడు నెలలే. మొదటిసారి ఆయన నోటి నుంచి, నాకు తాపీ పట్టిస్తానన్న మాట వచ్చింది. ఆడపిల్లకు తాపీ ఇస్తానన్న మేస్త్రి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు. రెండూ ఒకేసారి రావడమే తంటా.

"మూడు నెలలు నా ఎంబడి రా బిడ్డా. అరవై బాత్రూంలున్నయ్. బయటికొచ్చేసరికి చేతికి పనొస్తది. గా మిఠాయి దుకాణం మీద కూసుంటే ఏమొస్తది? గట్టు మీద కూసొని ఈత నేర్చుకున్నట్టు" అన్నాడు నాయిన.

"సర్టిఫికెట్ ఇస్తరంట" అంది అమ్మ.

"కాయితం నేల పరుస్తదానే? అనుభవం పరుస్తది."

అమ్మ గిన్నె మీది టైలు ముక్క తీసి పక్కన పెట్టింది. "అనుభవం నాకు లేదా? పదిహేనేండ్ల సంది నీ ఎంబడే తిరుగుతున్న. యాడనన్న ఒక్కడు మేస్త్రమ్మా అని పిలిచిండా? నీ అనుభవం నిన్ను మేస్త్రిని జేసింది. నా అనుభవం నా నడుము ఇరగ్గొట్టింది. గది మొగోళ్లకే పనికొస్తదయ్యా. ఆడిదానికి కాయితం ఉండాలె. కాయితం మీద పేరు రాసుంటే సదివినోడు సచ్చినట్టు పిలుస్తడు."

"మీ ఇష్టం" అన్నాడు నాయిన. మా ఇంట్లో మీ ఇష్టం అంటే ఇష్టం లేదని అర్థం. ఇద్దరూ నా వైపు చూశారు. నేను కోర్సు అన్నాను. అమ్మ వాదన న్యాయమని ఇప్పుడు రాస్తే బాగుంటుంది. కానీ రోజూ బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, దుకాణాలు చూసుకుంటూ నడవొచ్చన్నదే అప్పటి నా ఆలోచన. అమ్మ మాట బరువు నాకు తెలియడానికి ఇంకా నాలుగు నెలలు పట్టింది.

కోర్సులో మా గురువు గుంటూరు నుంచి వచ్చిన ప్రసాద్ సారు. తెల్లచొక్కా వేసుకుని టైల్స్ పని నేర్పిన మనిషిని ఆయన్ను తప్ప నేను చూడలేదు. చొక్కా మాయకపోవడానికి కారణముంది. తరగతిలో సిమెంటు వాడేవాళ్లు కాదు. చెక్కపెట్టెలో ఇసుక పోసి, దాని మీద నలభై టైల్స్ పరిచి, మార్కులు వేయించుకుని, మళ్లీ తీసి, తుడిచి, తర్వాతి వాళ్లకు ఇవ్వాలి. మూడు నెలలూ అవే నలభై. ఏ టైలుకు ఏ మూల పెచ్చూడిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. బాత్రూం వాటం గురించి సారు ఒక పూట బోర్డు మీద గీత గీసి చెప్పారు. ఇసుకపెట్టెకు జాలీ లేదు కాబట్టి చేయించలేదు. ఆయనకు రసమట్టం మీద మాత్రం అమిత భక్తి. "మట్టం అంటే మట్టమే అమ్మాయ్. బుడగ మధ్యలో ఉందా, పాసు. లేదా, ఫెయిలు. లోకంలో ఇంత సులువైన పరీక్ష ఇంకోటి లేదు" అనేవారు.

ఒకరోజు ఇంట్లో వాడే పనిముట్టు ఏదైనా తెమ్మంటే, నేను గర్వంగా నాయిన రసమట్టం పట్టుకుపోయాను. సారు దాన్ని బల్ల మీద పెట్టారు. బుడగ పక్కకు పోయింది. కొసలు మార్చి పెట్టారు. బుడగ అవతలి పక్కకు పోయింది. "బల్ల మట్టంగానే ఉంది, ఇది చచ్చిపోయింది అమ్మాయ్. దీంతోనా మీ నాన్నగారు పని చేస్తున్నారు?" అన్నారు. తరగతి అంతా నవ్వింది. మిఠాయి దుకాణం మెట్లు దిగేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాయిన మీద జాలి కాదు, కోపం. ఆ రోజుల్లో అమ్మ ఇంట్లో లేదు, నాట్లకని అమ్మమ్మ ఊరికి పది రోజులు పోయింది. ఉంటే ఈ అధ్యాయం ఇక్కడితో అయిపోయేది.

"నాయినా, నీ రసమట్టం తప్పు. ఇన్నేండ్ల సంది తప్పు మట్టం తోని పరుస్తున్నవ్" అన్నాను, ఆయన అన్నం ముందు కూర్చుని ఉండగా.

"ఎవలు జెప్పిండ్రు?"

"మా సారు."

నాయిన మిగిలిన అన్నం తిని, చేయి కడుక్కుని, రసమట్టాన్ని తువ్వాల్లో చుట్టి పెట్టెలో అడుగున పెట్టాడు. "మంచిది కొనుక్కరాపో" అన్నాడు. కొనుక్కొచ్చాను. పసుపురంగుది, డబ్బాతో సహా. గెలిచాననే అనుకున్నాను. ఇప్పుడది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

నాలుగు రోజులకు కోర్సు పూర్తయి, ప్లాస్టిక్ పూత వేసిన సర్టిఫికెట్ చేతికొచ్చింది. నాయిన అపార్టుమెంటు పని ఇంకా సాగుతూనే ఉంది. మధ్యలో దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీల్లో వరలక్ష్మి గారనే రిటైరైన టీచరు ఇంట్లో ఒక చిన్న బాత్రూం పని వచ్చింది. వాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆమె నా సర్టిఫికెట్‌ను కళ్లజోడు పెట్టుకుని రెండు వైపులా చూసింది, రెండో వైపు ఏమీ లేదు. "ఫస్టు క్లాసంట కదా మేస్త్రిగారూ, వెయ్యనివ్వండి అమ్మాయిని" అంది. అమ్మ చెప్పినట్టే కాగితం తలుపు తీసింది. నాయిన నాకు తాపీ ఇచ్చి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఒక్కసారి లోపలికొచ్చి ఎట్లా పరుస్తున్నానో చూడమంటే, "సదువుకున్నదానివి, నీకు జెప్పనీకి నేనెవన్ని?" అన్నాడు.

ఆ పూట నేను చేసిన తప్పు టైల్స్ మేస్త్రి బిడ్డ, అందులోనూ కోర్సు చదివిన బిడ్డ, మాత్రమే చేయగలిగింది. బాత్రూంలో నాయిన పని చేయడం చిన్నప్పటి నుంచి చూశాను. గోడ నుంచి జాలీ వైపు రసమట్టం పెడతాడు, బుడగను సరిగ్గా నడుమకు తెస్తాడు, నీళ్లు పోతాయి. కాబట్టి నేనూ గోడ నుంచి జాలీ వైపు రసమట్టం పెట్టాను, బుడగను సరిగ్గా నడుమకు తెచ్చాను. కొత్తదీ, నిజం చెప్పేదీ అయిన రసమట్టంతో. బోర్డు మీది గీత ఒకసారి గుర్తుకొచ్చింది గానీ, వాటం కింద మాలులోనే ఏదో రకంగా వచ్చేస్తుందని సర్దుకున్నాను. నాయినా బుడగ నడుమనే అన్నాడు, సారూ నడుమనే అన్నారు. జన్మలో ఒకరినొకరు ఒప్పుకోని ఇద్దరు గురువులు ఒకే మాట చెబుతుంటే శిష్యురాలికి అనుమానం ఎందుకొస్తుంది? వాళ్లిద్దరిలో ఒక్కరి దగ్గరే నేర్చుకున్నా ఆ బాత్రూం బాగానే వచ్చేది.

మర్నాడు పొద్దున తంతు మొదలైంది. వరలక్ష్మి గారు, ఆమె భర్త, పక్కింటావిడ వచ్చి నిలబడ్డారు. అమ్మ లేదు కాబట్టి బకెట్ నేనే కుమ్మరించాను. నాయిన వీపు తిప్పి బీడీ ముట్టించాడు. నీళ్లు నేలంతా పరుచుకుని, గడప దాకా వచ్చి, అక్కడ ఆగిపోయాయి. జాలీ దగ్గరికి వెళ్లే ఉద్దేశం వాటికి ఉన్నట్టు లేదు. కిటికీలోంచి వచ్చే వెలుగు వాటిలో కనబడుతోంది. బీడీ అయిపోయింది. నాయిన తిరిగాడు.

"ఏంటి మేస్త్రిగారూ, నీళ్లు వెళ్లట్లేదు?" అంది వరలక్ష్మి గారు. తర్వాత నా వైపు చూసి, "అందుకే ఆడపిల్లల చేతికి ఇలాంటి పనులు ఇవ్వకూడదంటారు" అంది. నిన్న ఇవ్వమన్నదీ ఆమే. నా చేతిలో బకెట్ ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇక నన్ను ఎవరూ తాపీ ముట్టుకోనివ్వరని, రేపటి నుంచి తట్ట మోయడమేనని, అమ్మ కాయితమూ నాయిన తాపీ రెండూ ఒక బకెట్ నీళ్లలో పోయాయని నాకు అర్థమైంది.

నాయిన నా చేతిలోని బకెట్ తీసి పక్కన పెట్టాడు. "తప్పు పిల్లది కాదమ్మా. నాదే. తెలిసి జెప్పలే" అన్నాడు. తప్పు నాది అని ఆయన అనడం అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

అప్పుడు వచ్చింది అమ్మ, చేతిలో కూరగాయల సంచితో. "బస్సు దొరకలే" అంది ముందుగా, మేమంతా తన కోసమే ఆగి ఉన్నట్టు. ఆ పొద్దునే ఊరి నుంచి దిగి, సామాను సర్దుతుంటే నాయిన పెట్టె అడుగున తువ్వాల్లో పాత రసమట్టం, గూట్లో కొత్త రసమట్టం ఖాళీ డబ్బా కనబడ్డాయట. నిన్న టీచరమ్మ ఇంట్లో నేనే పరిచానని మా గల్లీలో పక్కింటావిడ చెప్పిందట. సంచిలోంచి పాత రసమట్టం తీసి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లలోనే గొంతుక్కూర్చుంది. "ఎర్రసుక్క జాలీ దిక్కు పెట్టాలె. గట్ల పెట్టి, బుడగ నడుమకొచ్చే దాంక పలక దించాలె. గంతే. మీ నాయిన జెప్పలేదా?"

"నీకెట్ల తెల్సు?" అన్నాను.

"దీన్ని కింద పడేసింది నేనే గద. నువ్వు బడికి పోకముందు, రెండో అంతస్తు మీదికెళ్లి. మీ నాయిన రెండు దినాలు తిట్టిండు. గదుల్లకు నీళ్లపైపు తోని మట్టం చూసుకునేటోడు, బాత్రూంలల్ల దీంతోనే కానిచ్చిండు. ఇది పడ్డ సంది కొన్ని బాత్రూంలు కడుగుతుంటే నీళ్లు వాటంతట అవే పోతుండె, కొన్నిట్ల ఎనక్కి నా కాళ్ల కిందికే వస్తుండె. ఎందుకని చూస్తే, ఏ కొస జాలీ దిక్కు పెట్టిండో గదే తేడా. మంచి కొసకు గోళ్లరంగు పెట్టిన. కడిగేటోళ్లకు తెలుస్తది గని, పరిచేటోళ్లకేం తెలుస్తది?"

నాయిన అటు తిరిగి గోడ టైల్స్‌ను వేలి కణుపుతో కొడుతున్నాడు, డొల్ల ఏమైనా ఉందేమోనన్నట్టు. ఒక్కటీ డొల్ల లేదు. యాదయ్య మేస్త్రి బాత్రూంలో నీళ్లు నిలవవన్న పేరు పదేళ్లకు పైగా ఎవరిదో ఆయనకు తెలుసు. నాకు చెప్పకపోవడానికి కోపం ఒక కారణమైతే, చెబితే చుక్క ఎవరు పెట్టారో కూడా చెప్పాల్సి రావడం ఇంకో కారణం. ఈ రెండోది నేను చాలా ఏళ్ల తర్వాత ఊహించుకున్నది, ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

టైల్స్ మొత్తం లేపాం. నాలుగు పగిలాయి. నేను పరుస్తుంటే అమ్మ రసమట్టం పట్టుకుంది, నాయిన మాలు కలిపి అందించాడు. ఆ ఒక్క రోజు మా ఇంటి పనులు తలకిందులయ్యాయి, చూసేవాళ్లకు మాత్రం ముగ్గురు మనుషులు ఒక ఇరుకు బాత్రూంలో గొంతుక్కూర్చున్నట్టే ఉంది. మరుసటి పొద్దున అమ్మ నీళ్లు పోసింది. బీడీ సగం కాలేదు, నేల ఆరిపోయింది. "ఎంతైనా మేస్త్రిగారి అనుభవమే వేరు" అని వరలక్ష్మి గారు సంతోషంగా కాఫీ గ్లాసు తెచ్చి నాయినకిచ్చింది. నాయిన దాన్ని అందుకుని, ఒక్క గుక్క కూడా తాగకుండా అమ్మ చేతికిచ్చాడు. "అయ్యో, మీరు తాగండి మేస్త్రిగారూ, ఆవిడకు వేరే తెస్తాలే" అంది. అంతే. ఆయన చేయగలిగింది అంతవరకే. నేను అది కూడా చేయలేదు. నోరు తెరిచి, ఇది మా అమ్మ పనితనం అని ఒక్క మాట అనలేదు, నా తాపీ నాకు దక్కిందన్న సంబరంలో ఉన్నాను. ఇన్నేళ్లలో నేను సిగ్గుపడే పనులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఇది మొదటిది.

ఆ తర్వాత నా బతుకు బాగానే సాగింది. కొత్త ఇళ్లవాళ్లకు కాగితం చూపించేదాన్ని, పని దగ్గర ఎర్రచుక్క వాడేదాన్ని, ఏది ఎక్కువ అని అడిగినవాళ్లకు జవాబు చెప్పకుండా పని చూసుకునేదాన్ని. అబ్దుల్లాపూర్‌మెట్ దాకా నన్ను మేస్త్రమ్మా అని పిలిచారు. అమ్మ మేస్త్రి భార్య నుంచి మేస్త్రమ్మ తల్లి అయింది. పనులు కూడా మారిపోయాయి. టైలును నీళ్లలో నానబెట్టడం లేదు, మాలుకు బదులు డబ్బాలో వచ్చే గమ్ము. రసమట్టానికి బదులు ఒక చిన్న యంత్రం గోడ చుట్టూ పచ్చటి గీత గీస్తుంది. దాన్ని రెండో అంతస్తు నుంచి పడేస్తే తప్పు చూపించదు, అసలు వెలగదు. నా విద్యార్థులు నాకంటే శుభ్రంగా పరుస్తారు. వాళ్లకు తెలిసిన లెక్కల్లో సగం నాకు తెలియవు. కానీ తాము పరిచిన నేలను తాము కడిగినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. కడగడానికి ఇంకెవరో వస్తారు, వాళ్ల పేరు ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మెట్రోలో కూర్చోబెట్టుకుని అమ్మను కేంద్రానికి తీసుకుపోయాను. కిరణ్ కుర్చీ వేసి, కంప్యూటర్ ముందు కూర్చుని, చేసే పని ఏమిటని అడిగాడు. "కూలి అని రాయి నాయినా" అంది అమ్మ. నేను మేస్త్రి అని రాయమన్నాను. అతను మా ఇద్దరినీ చూసి, మేస్త్రి అనే నొక్కాడు. ఇక వేలిముద్ర ఒక్కటే మిగిలింది. అమ్మ బొటనవేలు పెట్టింది. మిషన్ ఎర్రగా వెలిగింది. చూపుడువేలు పెట్టింది. పది వేళ్లూ అయ్యాయి, మళ్లీ మొదటి నుంచి పది అయ్యాయి. "గీతలు లేవు మేడమ్, అరిగిపోయాయి" అన్నాడు కిరణ్, తన తప్పేమో అన్నంత మెల్లగా. నావీ సగం పోయాయి, నాకు ఎడమచేతి ఉంగరపు వేలు ఒక్కటే పడుతుంది. ఆమెకు అదీ లేదు. ఇన్నేళ్లు పని చేసినట్టు ఆ వేళ్లు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఒక్క ఆ మిషన్‌కు తప్ప. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి, రెండూ ఆపుకున్నాను.

సబ్బుతో కడిగి చూద్దామని కిరణ్ అమ్మను బాత్రూంకు పంపాడు. ఆమె ఎంతకీ రాలేదు. భయపడి లేచేసరికి, చీర కుచ్చిళ్లు తడుపుకుని వచ్చింది. "గా మూలకు నీళ్లు నిలుస్తున్నయ్. గీ బాత్రూం వేసినోళ్లకు సర్టిఫికెట్ ఉన్నదా?" అంది.

"ఉందమ్మా" అన్నాడు కిరణ్. "మా కిందటి బ్యాచ్ వాళ్లే వేశారు."

మిషన్ ఆ రోజు పచ్చగా వెలగలేదు. దరఖాస్తు ఇప్పటికీ అలాగే ఉంది, రికార్డుల ప్రకారం అమ్మగారు ఇంకా రానట్టేనని కిరణ్ అంటున్నాడు. కానీ బాత్రూం సంగతి అతను మర్చిపోలేదు. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, ఈ బ్యాచ్‌తో దాన్ని మళ్లీ వేయిస్తున్నాం, అమ్మగారిని ఒకసారి తీసుకురాగలరా అన్నాడు. అమ్మ సంచిలో రసమట్టం పెట్టుకుని బయల్దేరింది. బాత్రూం గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నా విద్యార్థులకు ఎర్రచుక్క సంగతి చెప్పింది. ముందు నవ్వారు. పచ్చ గీత యంత్రంతో సరిచూసుకున్నాక నవ్వలేదు. పని సగంలో ఉండగా, పెద్ద అంబర్‌పేట నుంచి వచ్చే మంజుల, ఇద్దరు పిల్లల తల్లి, జాలీ పక్కన ఒక టైలు పెట్టి తలెత్తింది.

"మేస్త్రమ్మా, జర ఇటు చూడుండ్రి. సరిగ్గున్నదా?"

అమ్మ కదల్లేదు. మంజుల మళ్లీ పిలిచింది. అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "సరితా, నిన్ను పిలుస్తున్నరు, పో" అంది.

"నన్నిక్కడ మేడం అంటరమ్మా" అన్నాను. "నిన్నే."

ఆమె కాసేపు తన చేతులు చూసుకుంది. తర్వాత నా భుజం పట్టుకుని లేచి, గడప దాటి, నెమ్మదిగా గొంతుక్కూర్చుంది. ఎర్రచుక్కను జాలీ దిక్కు పెట్టి బుడగ వైపు చూసింది. బుడగ నడుమకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"తియ్యి. మల్ల పెట్టు" అంది మా అమ్మ.